పసుపు పూసిన మెట్టు

నంద్యాలలో అద్దె ఇంటి కోసం తిరిగినన్ని రోజులూ, ఎక్కిన ప్రతి గడప దగ్గరా నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఒకటే. “మీరేమోళ్లమ్మా?” ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు, నీళ్లు ఏమాత్రం వాడతారు, ఇవన్నీ ఆ తర్వాత. కొందరు మర్యాదస్తులు “ఇంటిపేరేంది?” అంటూ చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చేవాళ్లు. “మనుషులం” అని జవాబు చెప్పి కొన్ని ఇళ్లు పోగొట్టుకున్నాను. ఒకాయన మాత్రం నవ్వి, “అది కనపడతానే ఉందిలేమ్మా, అసలు సంగతి చెప్పు” అన్నాడు.

ఈ ప్రశ్నను నేను కాలేజీ రోజుల నుంచీ చర్చావేదికల మీద ఉతికి ఆరేస్తూనే ఉన్నాను. వేదిక మీద అది సులువు. ఎదుట కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడతారు, టీ తాగి ఇళ్లకు పోతారు. ఇక్కడ చప్పట్లు కొట్టేవాళ్లు లేరు. వెనకాల బూట్ల సంచీ భుజానికి తగిలించుకుని నా కూతురు నిలబడి ఉండేది. నేను వాదనలో నెగ్గిన ప్రతిసారీ దానికి ఇల్లు పోయేది.

అది ఎనిమిది వందల మీటర్ల పరుగు తీస్తుంది. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. కార్తీకం దాటగానే నంద్యాలలో జిల్లా ఎంపికలు. మొదటి ఇద్దరిలో ఒకతె అయితే రాష్ట్ర శిబిరానికి పోతుంది. కాకపోతే ఆ వయసు విభాగంలో దానికి మరో అవకాశం లేదు. మాది ఆళ్లగడ్డ. అక్కడి గ్రౌండులో వానొస్తే బురద, ఎండొస్తే పల్లేరుకాయలు. పొద్దున ఐదింటికి నంద్యాల స్టేడియంలో ఉండాలంటే ఆళ్లగడ్డ నుంచి బస్సు ఉండదు. అందుకని నేనూ అదీ నంద్యాలలో ఉండేటట్టు, నేను అక్కడి నుంచే ఆళ్లగడ్డ దగ్గర మా బడికి వచ్చి సోషల్ పాఠాలు చెప్పి పోయేటట్టు అనుకున్నాం. మా ఆయన ఇంటి దగ్గరే ఉంటాడు. ఆయన శిల్పి. నల్లరాయిలోంచి దేవుళ్లను తీస్తాడు. దేవుడు లేడని నేను ఊరూరా చెబుతుంటాను. దీని మీద మా ఇద్దరికీ ఎన్నడూ గొడవ రాలేదు. ముక్కూ కళ్లూ రాకముందు దేవుడు ఎట్లా ఉంటాడో ఇద్దరమూ రోజూ చూసేవాళ్లమే.

పాణ్యం పోయే దారిలో స్టేడియం చుట్టూ లేచిన కాలనీ అది. ఒకప్పుడు వరి మళ్లు. ఇప్పుడు ఏ గోడ చూసినా పరిగెత్తే బొమ్మ, ఎగిరే బొమ్మ, కండలు తిరిగిన చేయి. రేకుల షెడ్డు వేస్తే షటిల్ కోర్టు, వల కడితే క్రికెట్ అకాడమీ. తెల్లవారకముందే కోయిలకుంట్ల, పాణ్యం పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం రోడ్ల మీద ఉరుకుతుంటారు. స్టేడియం గేటు దగ్గర రాగి జావ, మొలకలు, ఉడికిన కోడిగుడ్ల బండ్లు. అపార్ట్‌మెంట్లు అమ్మేవాళ్లు వేసిన ఫ్లెక్సీల మీద “ఆరోగ్యమే మా చిరునామా” అని పెద్ద అక్షరాలు. చూసి నేనూ మోసపోయాను. శరీరాన్ని నమ్ముకున్న ఊరు కదా, కండరం ఎట్లా పనిచేస్తుందో తెలిసిన ఊరు కదా, ఇక్కడైనా బుర్రలు కాస్త గాలి ఆడుతూ ఉంటాయనుకున్నాను.

చివరికి దొరికిన ఫ్లాటు మొదటి అంతస్తులో. చాలాకాలంగా ఖాళీగా ఉందట. ఎందుకు ఖాళీగా ఉందో ఓనరు దాచలేదు. ఆ మూడంతస్తుల బిల్డింగంతా ఆయనదే. కింద ఆయన కాపురం. పొద్దున్నే తెల్ల బూట్లు, ట్రాక్ ప్యాంటు, నుదుట అడ్డ విభూతితో వాకింగుకు పోయే మనిషి.

“ముందే చెప్తాండానమ్మా, మళ్లీ నన్ను అనొద్దు. స్టేడియం కాడ్నుంచి వచ్చే రోడ్డు సీదా మన బిల్డింగు మీదికే వస్తాది. వీధిపోటు. ఆ పోటు సరిగ్గా నీ హాలు కిటికీకి తగుల్తాది.”

“రోడ్డు కిటికీకి తగిలితే ఏమైతుందన్నా?”

“ఏమైతుందేందమ్మా! ఇంతకుముందున్నాయనకు వ్యాపారం పోయె. ఆయనకు ముందున్నాయమ్మకు గర్భసంచి తీసేసిరి.”

“ఆ రోడ్డు పోయి ఆపరేషన్ చేసిందా?”

ఆయన నా మొహం వంక చూశాడు. నా కూతురు వెనక నుంచి నా కొంగు లాగింది. మా ఆయన విగ్రహాలు చెక్కుతాడని తెలిసేసరికి ఓనరుకు మేం ఏమోళ్లమో అడగాల్సిన పని లేకపోయింది. ఆయన మొహం వికసించింది. “అట్లయితే మంచిదే. ఒక వినాయకుణ్ని చెక్కించి కిటికీ కింద పెట్టిస్తే పోటు విరుగుతాది” అన్నాడు. నేను అవుననీ కాదనీ అనలేదు. నాలోపల మాత్రం గొప్ప సంతోషం. లోకం భయపడి వదిలేసిన ఇంట్లో హాయిగా కాపురం చేసి చూపిస్తే, పది ఉపన్యాసాలకు అది సమానం.

సామాను దించిన సాయంత్రమే మెట్టు సంగతి తెలిసింది.

మెట్లు దిగుతుంటే ఎదురింటామె తలుపు తీసి అరిచింది. “అక్కా, ఆఖరి మెట్టు జాగ్రత్త. ఎడమచేత్తో గోడ పట్టుకో.”

చూశాను. అన్ని మెట్లూ సమానంగా ఉన్నాయి. కింద, నేలకు ఆనుకుని, ఒక్కటి మాత్రం నాలుగు వేళ్ల ఎత్తున ఉంది, పాదంలో సగం పట్టేంత వెడల్పు. నిండా పసుపు, మధ్యలో కుంకుమ బొట్లు, ఒక మూల తొక్కిన నిమ్మచెక్కలు, కొబ్బరినీళ్ల జిడ్డు, చీమలు.

దాని చరిత్ర ఆమే చెప్పింది. బిల్డింగు కట్టినప్పుడు మెట్లు సరిసంఖ్యలో వచ్చాయి. వాస్తు చూసేవాడు వచ్చి, మెట్లు బేసిగా ఉండాలి, లేకుంటే ఎక్కినవాళ్లు నిలవరన్నాడు. ఉన్నవాటిని మార్చలేక, లెక్క సరిపోవడానికి అడుగున ఇటుకలు పేర్చి సిమెంటు పూసి ఈ పిల్లమెట్టు కట్టారు. కాలికి ఒక ఎత్తు అలవాటయ్యాక ఆఖర్న ఇంకో ఎత్తు వస్తే ఏమవుతుంది? పడతారు. పడ్డారు. ఒక ముసలామెకు తుంటి విరిగింది. గ్యాస్ బండ మోసే మనిషి బండతో సహా పడ్డాడు. పాలు తెచ్చేవాడు పడ్డాడు. ఇంతమంది పడ్డాక బుద్ధి ఉన్నవాళ్లు ఏం చేస్తారు? ఆ ఇటుకలు పీకేస్తారు. వీళ్లేం చేశారంటే, మెట్టుకు శక్తి ఉందని తేల్చారు. శుక్రవారం పసుపు పూస్తారు. అమావాస్యకు నిమ్మకాయలు కోసి పెడతారు, కొబ్బరికాయ కొడతారు. ఆ పసుపు, ఆ నీళ్లు, ఆ నిమ్మచెక్కల మీద జారి ఇంకొకరు పడతారు. పడ్డకొద్దీ దాని మహిమ పెరుగుతుంది.

ఇంత కచ్చితంగా, ఇంత శ్రద్ధగా తమ కాళ్లు తామే విరగ్గొట్టుకునే జనాన్ని నేను ఎక్కడా చూడలేదు. నాకు వచ్చింది కోపం కాదు, అసహ్యం.

మరునాడు ఓనరు దగ్గరికి పోయాను.

“అన్నా, ఆ మెట్టు తీయించండి. నా బిడ్డ పొద్దున చీకట్లో దిగి పోతాది. పరుగు పిల్ల. కాలు పోతే అన్నీ పోతాయి.”

“దాన్ని ముట్టుకోకూడదమ్మా. పసుపు పడిన మెట్టు.”

“పసుపు మీరు పూసిందే కదా!”

“పూయించుకునిందంటే దాన్లో ఏదో ఉండాది కాబట్టే కదమ్మా.”

ఇట్లాంటి తర్కానికి జవాబు ఏ చర్చలోనూ నాకు ఎవరూ నేర్పలేదు. అద్దం ముందు పెట్టిన అద్దంలా ఉంటుంది అది. నేను మళ్లీ మొదలుపెట్టేసరికి ఆయన చేయి ఎత్తి, “నాకు వాకింగు టైమైతాంది. నడక ఆరోగ్యానికి మంచిదమ్మా, నువ్వూ రా” అని వెళ్లిపోయాడు.

ఆ ఇంట్లో నా అసహ్యానికి మేత కొరవ పడలేదు. వంటింట్లో గుడ్డు ఉడకపెట్టకూడదని షరతు. ఊరంతా కండలు పెంచుతుంది, కండకు కావలసిన గుడ్డు మాత్రం గేటు బయట బండి దగ్గర నిలబడి దొంగతనంగా తినాలి. నెలసరి రోజుల్లో నా కూతురు ఓనరు గుమ్మం ముందు నుంచి పోకూడదని ఆయన భార్య వచ్చి చెవిలో చెప్పి పోయింది. “ఆ రోజులేవో మీకెట్లా తెలుస్తాయి వదినా?” అన్నాను. “నువ్వే చెప్పాల” అంది. “చెప్పను” అన్నాను. పైఫ్లాటు చూడటానికి సోఫాలు కుట్టే ఒక ముస్లిం ఆయన, భార్యా, షటిల్ ఆడే వాళ్ల అమ్మాయీ వచ్చారు. ఓనరు గేటు దగ్గరే నిలబెట్టి, “ఇచ్చేసినాం భాయ్” అన్నాడు. ఆయన తల మీదే “అద్దెకు ఇవ్వబడును” అన్న బోర్డు వేలాడుతోంది. సోఫాల ఆయన బోర్డు వంక ఒకసారి, ఓనరు వంక ఒకసారి చూసి, “ఖుదా హాఫిజ్” అని వెళ్లిపోయాడు. ఆ చూపు చాలు ఎవరికైనా సిగ్గు రావడానికి. ఓనరుకు రాలేదు.

అన్నీ మింగాను. ఎందుకంటే స్టేడియం అక్కడికి నడిచిపోయే దూరం. నా కూతురు రోజురోజుకీ మెరుగవుతోంది. ఎంపికల దాకా ఈ నేల నాకు కావాలి.

దసరా దాటి వచ్చిన అమావాస్య మరునాడు అది మెట్టు మీద పడింది. కరెంటు లేదు. అది జాగ్రత్తగానే దిగింది, గోడ కూడా పట్టుకుంది. రాత్రి ఎవరో కోసి పెట్టిన నిమ్మచెక్క మీద బూటు జారింది. నేను సెల్‌ఫోను లైటు వేసుకుని ఉరికేసరికి కింద కూర్చుని చీలమండ రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఏడవలేదు. “అమ్మా, ఇరగలేదు అనుకుంటా” అంది. మోచేతుల నిండా పసుపు.

విరగలేదు. నరం బెణికిందని, మూడు వారాలు పరుగు వద్దని డాక్టరు చెప్పాడు. ఎంపికలకు అంతకన్నా కొంచెమే ఎక్కువ సమయం ఉంది.

ఆ మధ్యాహ్నానికి బిల్డింగు వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. ఒక్కరూ మెట్టు అనలేదు. అందరూ వీధిపోటు అన్నారు. “ముందే చెప్పినాం”, “పెద్దల మాట వినాల”, కింద చేతులు జోడించిన బొమ్మలు. “నిమ్మచెక్క మీద జారింది. రోడ్డు వచ్చి తొయ్యలేదు” అని నేను పెట్టాను. కాసేపటికి ఎవరో శుభోదయం పువ్వుల బొమ్మ పెట్టారు, మధ్యాహ్నం మూడింటికి.

అంతకన్నా పెద్ద దెబ్బ కోచ్ దగ్గర తగిలింది. స్టేడియంలో పరుగు పిల్లలకు శిక్షణ ఇచ్చే అకాడమీ ఆయనదే. ఊపిరితిత్తులు, లాక్టిక్ యాసిడ్, గుండె వేగం అని గంటసేపు ఇంగ్లిషులో చెప్పగలడు. పోటీకి ముందు మాత్రం ప్రతి పిల్ల బూటు కిందా నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాడు. పిల్లను తీసుకుని పోయి, డాక్టరు చెప్పింది చెప్పాను, మూడు వారాల తర్వాత మెల్లగా మొదలుపెట్టిద్దామన్నాను.

ఆయన చీలమండ వంక కూడా చూడలేదు. “మేడమ్, మీరు యాడుంటాండారో నాకు తెలుసు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ పిల్ల పరిగెత్తదు. పోటు తగుల్తాంది. ఇల్లన్నా మారండి, వినాయకుణ్నన్నా పెట్టండి. మీ ఆయన చేస్తాడంట కదా, మీకేం కష్టం?”

“కష్టం కాదు సార్. పెడితే ఇల్లే కారణమని నేను ఒప్పుకున్నట్టు. కారణం అది కాదు.”

“నాకు మిగతా పిల్లలుండారు మేడమ్. దీని దోషం వాళ్లకు అంటుకోకూడదు. అప్పటిదాకా గ్రౌండుకు పంపొద్దు.”

పదిమంది పిల్లల ముందు అన్నాడు ఆ మాట. దోషం, అంటుకోవడం. తరతరాలుగా ఈ దేశంలో మనుషులను ఊరి బయట ఉంచడానికి వాడిన మాటలు అవి. ఈల మెడలో వేసుకున్న మనిషి నోట, సింథటిక్ ట్రాకు మీద, నా బిడ్డ గురించి వినాల్సి వచ్చింది. నేను నోరు తెరిచాను. చాలా అన్నాను. ఆయన ఈల ఊదుకుంటూ అవతలికి పోయాడు.

దారిలో నా కూతురు కుంటుతూ, “ఇంకెన్ని రోజులు కొట్లాడతావ్ మా?” అంది.

“నువ్వే చెప్పు. వినాయకుణ్ని తెచ్చి పెట్టమంటావా?”

తల అడ్డంగా ఊపింది. “వద్దు. పెడితే ఆయన మళ్లీ ఇంకోటి అడుగుతాడు. ఎంపికలకు అకాడమీ తరఫునే పోవాలని ఏం లేదు కదా. ఆధార్, వయసు సర్టిఫికెట్ ఉంటే ఎవురైనా నిలబడొచ్చు. నేను రోడ్డు మీద పరిగెత్తుతా.”

రోడ్డు అంటే ఆ రోడ్డే. స్టేడియం దగ్గర మొదలై మా కిటికీ కిందికి వచ్చే, ఓనరు భయపడే రోడ్డు. ఒక్క వంపు లేదు, గుంత లేదు, పొద్దున బండ్లు లేవు. మూడు వారాలు ఐసు, కట్టు, మెల్లగా నడక. తర్వాత రోడ్డు. దాని వయసువాళ్లు ఇనుప గేటు అవతల ట్రాకు మీద పరిగెత్తుతుంటే, అది బయట తారు మీద, కానిస్టేబుల్ కుర్రాళ్ల వెనకాల పడి పరిగెత్తేది. మొదట్లో వాళ్లు ఎగతాళి చేశారు. “ఏం చెల్లీ, ఎస్సైకి పోతాండావా?” తర్వాత తర్వాత ఒకడు వాచీ చూసి టైము చెప్పడం మొదలుపెట్టాడు. నేను కిటికీలోంచి చూస్తుండేదాన్ని. అది తిన్నగా నా మీదికే వస్తున్నట్టుండేది.

కాలు మాత్రం పూర్తిగా కుదుటపడలేదు. ప్రతి ఉదయం అది ఆ మెట్టు దాటేదాకా నేను సెల్‌ఫోను లైటు పట్టుకుని పైన నిలబడేదాన్ని. ఇంకోసారి జారితే అంతే. నేను రోజూ పొద్దున్నే లేచి నీళ్లు పోసి చీపురుతో మెట్టు రుద్దేదాన్ని. సాయంత్రానికి మళ్లీ ఎవరో పసుపు పూసేవాళ్లు. అట్లా నేను కడగడం, వాళ్లు పూయడం, యుద్ధంలా నడిచింది. కార్తీక మాసం సాగేకొద్దీ పూజ ఇంకా ముదిరింది. మెట్టు మీద నూనె దీపాలు కూడా మొదలయ్యాయి. నూనె, మెట్టు మీద!

ఈ సంగతి ఫోనులో మా ఆయనకు చెప్పాను. ఆయన ఎప్పటిలాగే విని ఫోను పెట్టేశాడు. మరుసటి సోమవారం మధ్యాహ్నం రాగిపిండి డబ్బా, పనిముట్ల సంచీ పట్టుకుని వచ్చాడు. ఓనరు కుటుంబంతో యాగంటికి పోయి ఉన్నాడు.

“ఆ సంచీ దేనికప్పా?” అన్నాను. లోపల వినాయకుడు ఉన్నాడేమోనని నా అనుమానం. ఉంటే ఆ క్షణమే గొడవ పడటానికి సిద్ధంగా ఉన్నాను.

ఆయన జవాబు చెప్పకుండా మెట్ల కిందికి పోయి, గొంతుక్కూర్చుని, మెట్టు మీద వేళ్లతో తట్టి చూశాడు. దీపాలు తీసి జాగ్రత్తగా గోడ వారకు పెట్టాడు. సంచీలోంచి సుత్తి, పెద్ద ఉలి తీశాడు.

మొదటి దెబ్బకు అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. పైనుంచి ఒకామె, “అయ్యో అయ్యో, ఏం చేస్తాండావన్నా, అపచారం!” అని అరిచింది.

“ఏం లేదమ్మా, ఇటుకలు. రాయి అయ్యుంటే ఆలోచించేటోణ్ని” అన్నాడు ఆయన తల ఎత్తకుండా.

“దానికి పసుపు పూసినారు కదప్పా!”

“నేనూ పూస్తా రోజూ. చెక్కేది అయిపోయినాక పూస్తారమ్మా. ఇది చెక్కింది కాదు, అడ్డం పెట్టింది.”

ఎంతోసేపు పట్టలేదు. ఇటుకలు విడిపోయాయి, నేల సమానమైంది. అరిచినామె ఫోను తీసి ఓనరుకు చెబుతోంది. ఎదురింటామె మాత్రం చీపురు తెచ్చి పెళ్లలు ఊడ్చింది. నా పక్కకు వచ్చి, “మంచి పని చేసినారక్కా. మా అత్త రెండుసార్లు పడింది” అంది, పైవాళ్లకు వినపడకుండా. నాకు ఆమె మీద కృతజ్ఞత కలగాలి. కలగలేదు. ఇన్నేళ్లూ మనసులో తెలిసీ నోరు మూసుకుని పసుపు పూసిన చేయి అది. ఆ గుసగుసకు, పైనామె అరుపుకు తేడా ఏముందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఓనరు సాయంత్రానికే దిగాడు. నుదుట విభూతి, చేతిలో ప్రసాదం. మెట్టు లేని చోటు చూసి కూలబడ్డాడు. తర్వాత లేచి అరిచాడు. “రేపు తెల్లారేసరికి నా బిల్డింగులో మీరు ఉండకూడదు!”

“నోటీసు ఇవ్వకుండా పొమ్మనే హక్కు మీకు లేదు” అన్నాను నేను. నాకు చట్టం తెలుసు. గొంతూ ఉంది. ఎంపికలు ఆ ఆదివారమే. పోను అని గట్టిగా అనబోతుంటే కూతురు నా చేయి పట్టుకుంది.

“అమ్మా, ఈడ కొట్లాడితే నాకు నిద్ర రాదు. నిద్ర లేకుంటే పరిగెత్తలేను. పోదాం.”

అది నిజం. పొద్దున్నే సామాను ఆటోలో వేసుకుని ఆళ్లగడ్డకు వచ్చేశాం. మేం మెట్లు దిగుతున్నప్పుడే ఒక మేస్త్రీ ఇటుకలు దించుతున్నాడు.

ఆదివారం ఇంకా వెలుగు రాకముందే మా ఆయన స్నేహితుడి కారులో నంద్యాల చేరాం. బస్సును నమ్ముకునే ధైర్యం మాకు లేకపోయింది. స్టేడియం నిండా అకాడమీల రంగురంగుల టీషర్టులు. నా కూతురిది బడిలో ఇచ్చిన పాత తెల్ల బనియను. గీత దగ్గర కోచ్ తన పిల్లల బూట్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తున్నాడు. మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

తుపాకీ మోగింది. మొదటి చుట్టులో నా కూతురు వెనకాల ఉంది. చీలమండ మీద భారం వేయడానికి భయపడుతోందని నాకు కనిపిస్తూనే ఉంది. రెండో చుట్టు సగంలో ఆ భయం దాన్ని వదిలేసింది, లేదా పిల్లే భయాన్ని వదిలేసింది. ఆఖరి వంపులో నాలుగో స్థానం నుంచి మూడుకు, తిన్నటి దారి వచ్చేసరికి రెండుకు వచ్చింది. నేను అరవలేదు. మా ఆయన అరిచాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

రెండో స్థానం. శిబిరానికి పేరు ఖాయం.

అది గడ్డి మీద పడుకుని రొప్పుతుంటే కోచ్ నవ్వుతూ వచ్చాడు. ఆయన వెనకాల వాకింగు బూట్లతో మా ఓనరు కూడా. “చూసినారా మేడమ్! నేనేం చెప్పినా? ఆ ఇల్లు వదిలినారు, పిల్ల గెలిచింది” అన్నాడు కోచ్. ఓనరు తల ఊపి, “ఆ పోటు అట్లాంటిది. బయటపడినారు, అదృష్టం” అన్నాడు. పక్కనున్న తల్లిదండ్రులంతా అవునవును అన్నారు. ఒకాయన నా దగ్గరికి వచ్చి, ఆ బిల్డింగు ఏదో చెప్పమని, తమ పిల్లలు అటు పోకుండా చూసుకుంటామని అడిగాడు.

నాకు అప్పుడు వచ్చిన అసహ్యం ఇంతవరకూ తగ్గలేదు. పడితే ఇంటి తప్పు. లేస్తే ఇల్లు వదిలిన పుణ్యం. బెణికిన కాలితో ఆ పోటు రోడ్డు మీదే, ఆ ఇంటి వైపే అన్నాళ్లు ఉరికిన ఉరుకుకు ఎవరి లెక్కలోనూ వాటా లేదు. ఓడినా గెలిచినా తామే నెగ్గేటట్టు ఏర్పాటు చేసుకున్నవాళ్లతో ఎవరు ఏం వాదిస్తారు? మూఢత్వం అజ్ఞానమని నేను ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. అజ్ఞానమైతే చదువుతో పోవాలి. ఇది అజ్ఞానం కాదు, దొంగతనం. ఒకరి చెమటను ఇంకొకరి ఖాతాలో వేసే దొంగతనం.

నేను నోరు తెరిచే లోపలే నా కూతురు లేచి కూర్చుంది. “సార్, ఇల్లు ఉరకలేదు, నేను ఉరికినా” అంది. కోచ్ పెద్దగా నవ్వి దాని తల నిమరబోయాడు. అది తల వెనక్కి తీసుకుంది.

అది శిబిరానికి పోయిన వారానికి కోచ్ ఫోను చేశాడు. అకాడమీ ముందర ఫ్లెక్సీ పెడతాడట, మా అకాడమీ ఆణిముత్యం అని. మంచి ఫొటో పంపమన్నాడు. “పిల్లనే అడగండి” అని దాని నంబరు ఇచ్చాను. సాయంత్రం దానికి ఫోను చేసి ఏమన్నావని అడిగాను.

“పెట్టుకోండి సార్ అన్నా. కింద ఒక్క మాట రాయండి అన్నా. ‘మేము గేటు మూసినాక రోడ్డు మీద పరిగెత్తి గెలిచింది’ అని.”

“ఏమన్నాడు?”

“ఆలోచిస్తా అన్నాడు. అమ్మా, ఈడ గుడ్లు పొద్దునా సాయంత్రం పెడతారు తెలుసా? ఉంటా, విజిల్ వేస్తాండారు.”

ఆ ఫ్లెక్సీ రాలేదు. ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు.